వెనక్కి తిప్పలేని బండి

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతల మనిషిని. మా పల్నాడు ఎండకు రైలు పట్టాలు సాగుతాయని మధ్యమధ్య కాస్త ఖాళీ వదిలి బిగించేవాళ్లు. నా మాటలు కూడా ఆ ఎండలో పెరిగినవే కాబట్టి, చదివేవాళ్లు ఆ మాత్రం ఖాళీ వదులుకుని చదువుకోవాలి. జానెడు అంటే బెత్తెడు అనుకోండి. వందమంది అంటే పదిమంది అనుకోండి. "ఊరంతా" అంటే మా వీధి చివరి ఇస్త్రీ బండి దాకా అనుకోండి. పూర్తిగా కల్పించింది మాత్రం ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈలోగా మీరే పట్టుకుంటే మీ తెలివి.

నా బీకాం అయిపోయిన కొత్తలో, సెల్‌ఫోన్లో పాము ఆట ఆడుకునే ఆ కాలంలో, నరసరావుపేటలో ప్రయాణం అంటే మూడే రకాలు. ఒళ్లు బాగాలేకపోతే గుంటూరు, ఉద్యోగం లేకపోతే హైదరాబాదు, జుట్టు ఎక్కువైతే తిరుపతి. ఈ మూడింటికీ టికెట్లు తీసిపెట్టే ఆఫీసు ఒకటి బస్టాండు ఎదురుగా, ఓ లాడ్జి మెట్ల కింద ఉండేది. మెట్ల కింద కాబట్టి గుమ్మం దగ్గర ఆరడుగుల ఎత్తున మొదలై, లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ, యజమాని కుర్చీ దగ్గరకు వచ్చేసరికి ఎంతటివాడైనా వంగి నమస్కారం పెట్టక తప్పని ఎత్తుకు దిగేది. ఆ యజమాని మా నాన్నకు తమ్ముడి వరస. ఊళ్లో అందరూ కన్ఫర్మ్ బాబాయ్ అనేవాళ్లు. వెయిటింగ్ లిస్టు ఎంత పొడుగున్నా "కన్ఫర్మ్ అయిపోద్ది, పోయి పడుకో" అనడం ఆయన అలవాటు. (ఆయన మాట నమ్మి తిరుపతి దాకా బాత్రూము తలుపుకు ఆనుకుని నిలబడి వెళ్లినవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఏ తలుపు చప్పుడైనా ఉలిక్కిపడి పక్కకు జరుగుతారు.) ఆయన నన్ను పనిలో పెట్టుకుని, కార్డు మీద "ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్" అని అచ్చు వేయించి, ఒక టై కూడా కొనిచ్చాడు. అంతర్జాతీయంగా నేను చేసే పని, తెల్లవారకముందే స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు ముందు నా చెప్పుల్ని లైన్లో పెట్టి, పక్కన టీ తాగుతూ వాటిని కాపలా కాయడం. బల్ల మీద ఒక గ్లోబు ఉండేది. ఏళ్ల తరబడి ఒకే పక్క ఎండ తగిలి అమెరికా ఖండాలు రెండూ వెలిసిపోయాయి. ఎవరైనా అమెరికా ఏదని అడిగితే బాబాయ్ "ఎండలో ఉంది" అనేవాడు.

మా పక్క వీధిలో సున్నం మామయ్య ఉండేవాడు. చుట్టమేమీ కాదు. వయసులో పెద్దయి, చేతిలో నాలుగు లారీలుంటే మాకు మామయ్యే. పిడుగురాళ్ల దగ్గర ఆయనకు సున్నం బట్టీలు. మనిషి, లారీలు, కుక్క, కనుబొమ్మలు అన్నీ ఒకటే తెలుపు. మధ్యాహ్నం పూట గోడకు ఆనుకుని నిలబడితే అక్కడ మనిషి ఉన్నాడనడానికి దగ్గు ఒక్కటే ఆధారం. సొంతూళ్లో పంచాయతీ ఎన్నికలప్పుడు అవతలి పార్టీ వాళ్లు వీధి నిండా కర్రలు పట్టుకుని వస్తుంటే, పంచె ఎగ్గట్టి ఒక్కడే ఎదురు నడిచాడని చెప్పుకునేవాళ్లు. అంతటివాడు, గుమ్మం దాటుతుండగా ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగేవాడు. ఆ నీళ్లతో ఆ ప్రయాణం సరి.

అలా ముగిసిన ప్రయాణాలన్నీ అత్తయ్యకు కంఠతా వచ్చు. ఊటీ పిల్లి వల్ల ఆగింది. కాశీ, గేటు దగ్గర "ఎక్కడికి వదినా?" అని అడిగిన పాలావిడ వల్ల ఆగింది. షిర్డీకి ఏకంగా సత్తెనపల్లి దాకా వెళ్లారు, అక్కడ ఎదురుగా కట్టెల బండి వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ చేసిన అతి పెద్ద యాత్ర ఎత్తిపోతల. అదీ జలపాతం హోరు వినబడేంత దగ్గరకు వెళ్లాక కారు డ్రైవరు తుమ్మాడు. "చప్పుడు మాత్రం చానా బాగుంది," అనేది అత్తయ్య ఎవరైనా అడిగితే. "చూసినోళ్లు గూడా బాగుందనే చెప్పారు."

ఒకరోజు బాబాయ్ భోజనానికి వెళ్లిన వేళ అత్తయ్య ఒక్కతే మా ఆఫీసుకు వచ్చింది. తల వంచి లోపలికొచ్చి, గ్లోబు ముందు కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అబ్బాయ్, వెనక్కి తిప్పడానికి వీల్లేని బండి ఏదన్నా ఉందా?"

"అంటే ఏంది అత్తయ్యా?"

"కారయితే తిప్పుతాడు మీ మామయ్య. బస్సయితే డ్రైవరు భుజం మీద చెయ్యేసి దిగుతాడు. రైలయితే గొలుసు లాగుతాడు. ఒకసారి లాగాడు గూడా. ఎక్కినాక నాలుగు రోజులు దిగడానికి లేని బండి కావాల నాకు."

"విమానం ఉందిగా."

"అది గంటల్లో దిగిద్ది గదరా. దిగంగానే తిరుగు టికెట్టు అడుగుతాడు."

అప్పుడు నేను సొరుగులోంచి ఒక రంగుల పుస్తకం తీశాను. మద్రాసులో ఉండే మా పెద్ద ఏజెంటు పంపింది అది. బాబాయ్ వేడి టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికి తప్ప ఎప్పుడూ తెరవలేదు. అందులో ఒక ఓడ. ఓడ అంటే మన లాంచీ కాదు. నరసరావుపేటను స్టేషన్ రోడ్డు నుంచి కోటప్పకొండ అడ్డరోడ్డు దాకా ఎత్తి నీళ్ల మీద పెట్టి, పందుల్ని తీసేసి, లైట్లు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. సింగపూర్‌లో ఎక్కితే నాలుగు రాత్రులు నీళ్ల మీదే తిప్పి, మళ్లీ సింగపూర్‌లో దింపుతారు. అత్తయ్య ఆ బొమ్మను టీ మరకతో సహా శ్రద్ధగా చూసింది.

"ఇందులో నడిసముద్రంలో ఎవరన్నా తుమ్మితే?"

"తుమ్మితే తుమ్మారు, ఓడ పోతానే ఉంటది."

"పిల్లి?"

"ఎదురు రావాలంటే దానికి ఈత రావాల అత్తయ్యా."

ఆవిడ నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. "నువ్వెక్కావా?" అంది. "రెండుసార్లు" అన్నాను. (నాగార్జునసాగర్ లాంచీని ఓడ కింద జమకడితే, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.) అత్తయ్య లేచి, తల మెట్లకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అంది. "ఆయన్ని ఆ ఓడ దాకా చేర్చు నాయనా. ఆ తర్వాత సంగతి సముద్రం చూసుకుంటది."

మామయ్యను ఒప్పించడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. అత్తయ్య ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ, "అవతలి పార్టీ ఆయన దుబాయ్ పోయొచ్చాడంట గానీ, ఇంతవరకు ఓడ ఎక్కలేదంట" అందట. తెల్లారేసరికి మామయ్య మా ఆఫీసులో ఉన్నాడు. ఇక్కణ్నించి నా కష్టాలు మొదలు. ఓడలో గది ఎంచుకోవాలి. కిటికీ ఉన్న గదా, వరండా ఉన్న గదా, ఏ అంతస్తు, ఇవన్నీ మద్రాసు మేడం (పెద్ద ఏజెంటు దగ్గర ఫోనెత్తే ఆవిడ) అడగమన్న ప్రశ్నలు. మామయ్య అడిగిన ప్రశ్న వేరు.

"తలుపు ఏ ముఖం?"

"మామయ్యా, అది ఓడ. తిరుగుద్ది. దాంతోపాటు తలుపూ తిరుగుద్ది."

"తిరిగేదానికి వాస్తు లేదని ఎవడన్నాడు? లారీకి నిమ్మకాయలు కట్టట్లా? ఫోన్ చేసి కనుక్కో."

కనుక్కున్నాను. మద్రాసు మేడం, "ఓడ ఉత్తరం పోతే ఒక ముఖం, దక్షిణం పోతే ఇంకో ముఖం సార్. మీ వాళ్లకు ఒక దిక్సూచి పంపించమంటారా?" అంది. నేను ఆ మధ్యాహ్నమంతా గ్లోబు ముందు కూర్చుని, ఓడ పోయే దారి పెన్సిల్‌తో గీసి, వెళ్లేటప్పుడు తల దక్షిణానికి వస్తుందనీ, వచ్చేటప్పుడు మాత్రం దిండు తీసి కాళ్లవైపు పెట్టుకోవాలనీ లెక్క తేల్చాను. మామయ్య నా వీపు మీద ఒక్కటి చరిచి "బుర్ర ఉన్నోడివే" అన్నాడు. చొక్కా మీద ఆ తెల్లటి అయిదు వేళ్లు మూడు ఉతుకుల దాకా పోలేదు.

విమానం దగ్గర మళ్లీ పేచీ. ఓడ శుక్రవారం సాయంత్రం బయల్దేరుతుంది, దాన్ని అందుకోవాలంటే గురువారం రాత్రి మద్రాసులో విమానం ఎక్కాలి. పంచాంగం చూస్తే ఆ విమానం లేచే వేళకు వర్జ్యం. "అరగంట ఆపమను," అన్నాడు మామయ్య. ఆపరన్నాను. "మన వినుకొండ బస్సు ఆపట్లా? చెప్పే పద్ధతిలో చెప్పాల." బాబాయ్ పక్కనుంచి "కన్ఫర్మ్, ఆపుతారు" అన్నాడు. చివరికి అత్తయ్యే అడ్డుపడి, ఇల్లు వదిలిన వేళే లెక్కగానీ మధ్యలో బండ్లు మారిన వేళ లెక్కలోకి రాదని తేల్చింది. (శాస్త్రంలో ఈ వాక్యం ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం ఉంది.)

కానీ గురువారం దక్షిణానికి శూల. అంటే ఆ రోజు ఆ దిక్కుకు బయల్దేరకూడదు. మద్రాసు దక్షిణమే, సింగపూర్ ఇంకా దక్షిణమే. మామయ్య మొహం వాడిపోయింది, చెయ్యి మంచినీళ్ల గ్లాసు కోసం తడుముకోవడం నా కళ్లతో చూశాను. అప్పుడు మా వీధి సిద్ధాంతిగారు దారి చెప్పారు. బుధవారం మంచి ముహూర్తం ఉంది, ఆ వేళకు ప్రస్థానం పెట్టమన్నారు. మంచి వేళకు మనిషి కదలలేకపోతే, అతనితో పాటు ప్రయాణం చేసే వస్తువు ఒకటి ముందుగా ఇల్లు దాటించి, వెళ్లే దిక్కున ఉన్న మరో ఇంట్లో ఉంచుతారు. దానితోనే ప్రయాణం మొదలైనట్టు. తర్వాత మనిషి ఎప్పుడు బయల్దేరినా, దారిలో దాన్ని తీసుకుని వెళ్లిపోవడమే. వెనక్కి మాత్రం తేకూడదు.

మామూలుగా ప్రస్థానానికి ఒక తువ్వాలు, కాసిని బియ్యం, పసుపుకొమ్ము కట్టి పంపుతారు. సున్నం మామయ్యకు ఏదీ మామూలుగా చేయడం రాదు. "అన్నిటికంటే ముఖ్యమైంది పంపితే ముహూర్తం గట్టిగా తగులుద్ది" అని, రెండు పాస్‌పోర్టులూ, విమానం టికెట్లూ, ఓడ కాగితాలూ ఉన్న రెక్సిన్ సంచిని పంపాలని తేల్చాడు. టై కట్టుకుని, ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా దక్షిణ దిక్కుగా మూడు వీధులు దాటి కరెంటు బాబాయ్ ఇంట్లో పెట్టి వచ్చిన ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్‌ను నేనే. కరెంటు బాబాయ్ అంటే లైన్‌మన్‌గా రిటైరైన పెద్దాయన. ఆయనా భార్యా ఉండేది పెంకుటింట్లో. "ఇది ప్రస్థానం బాబాయ్, రేపు పొద్దున్నే వచ్చి తీసుకుంటాం, ముట్టుకోవద్దు" అని చెప్పాను. ఆయన అంత నిష్ఠగా మాట నిలబెట్టుకుంటాడని నాకేం తెలుసు.

గురువారం తెల్లవారుజాము నుంచీ ఒకటే హడావుడి. అత్తయ్య పాలావిడను ముందురోజే రావద్దని చెప్పేసింది. కుక్కను గొలుసుతో, పక్కింటి పిల్లిని గంప కింద (ఆ ఇంటివాళ్ల అనుమతితోనే) బంధించారు. జలుబు ఉన్న డ్రైవర్ను మార్చేశారు. వీధిలో ఎవరూ "ఎక్కడికి" అనలేదు. అందరూ గుమ్మాల్లో నోళ్లు బిగించుకుని నిలబడి మమ్మల్ని సాగనంపారు. కారు కరెంటు బాబాయ్ ఇంటి ముందు ఆగింది. ఏం జరుగుతుందో చూద్దామని ఇస్త్రీ బండి అబ్బులుతో సహా మా వీధి జనమూ వెనకే వచ్చారు. తలుపుకు తాళం. అరచేయంత తాళం.

మాచర్లలో ఉన్న ఆయన కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చి, మొగుడూ పెళ్లాం రాత్రికి రాత్రే వెళ్లిపోయారట. ప్రస్థానం ముట్టుకోవద్దన్నారు కాబట్టి సంచి దేవుడి గూట్లోనే భద్రంగా ఉంది. మాతోనే ఉన్న కన్ఫర్మ్ బాబాయ్ కంగారుగా తన సెల్ తీసి ఆయన సెల్‌కు చేశాడు. ఫోన్ చక్కగా మోగింది. తాళం వేసిన ఇంట్లోంచి.

"మాచర్ల పోయి తాళంచెవి తెస్తే?" అన్నాను. పోయి రావడానికే మధ్యాహ్నం దాటుతుంది, ఆ తర్వాత మద్రాసు ఎప్పుడు చేరతాం, విమానం ఎప్పుడు ఎక్కుతాం. "తాళం పగలగొడదాం" అన్నాడు డ్రైవరు. మామయ్య ఉలిక్కిపడ్డాడు. "బయల్దేరతా బయల్దేరతా తాళం పగలగొడతారంట్రా? ప్రస్థానం పెట్టిన ఇంటిది!" అని, అరుగు మీద కూలబడి, చెప్పులు విడిచాడు. ఆ చెప్పులు విడవడం ఏమిటో మాకందరికీ తెలుసు. "మనకు రాసిపెట్టి లేదే," అన్నాడు అత్తయ్యతో, పొద్దుటి గాలంత చల్లగా. "వచ్చే ఏడు చూద్దాం. ఎవరన్నా కాసిని మంచినీళ్లు ఇయ్యండయ్యా."

"ఎవరూ ఇయ్యబాకండి!" అంది అత్తయ్య.

వీధిలో ఒక్కరు కదిలితే ఒట్టు. ఆవిడ గొంతు అంత పెద్దదని ఆవిడకే తెలిసినట్టు లేదు, తనే కాసేపు ఆశ్చర్యపోయి నిలబడింది. తర్వాత తలెత్తి ఇంటి కప్పు వంక చూసింది. "తాళం గదా పగలగొట్టకూడంది," అంది నెమ్మదిగా. "పెంకులు తీయొచ్చుగా. మళ్లీ సర్దొచ్చు." మామయ్య సిద్ధాంతిగారికి ఫోన్ చేయించాడు. ఆయన నిద్రమత్తులో చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో పెంకుల ప్రస్తావన లేదన్నారు. లేదంటే దోషం లేదనే కదా అని అత్తయ్య నన్ను చూసింది.

నన్నే ఎందుకంటే, అప్పట్లో నేను సన్నం. ఎంత సన్నమంటే, ఫ్యాను వేస్తే బాబాయ్ కాగితాల మీద ఒకటి, నా ఒళ్లో ఒకటి రాయి పెట్టేవాడు. డ్రైవరు భుజాల మీద ఎక్కి, నాలుగు పెంకులు పక్కకు తీసి, వాసాల మధ్యనుంచి టైతో సహా దిగాను. లోపల చీకటి. కన్ఫర్మ్ బాబాయ్ ఏం ఆశించి చేస్తున్నాడో తెలియదుగానీ ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు, అది మూలన మోగుతూనే ఉంది. ఆ చీకట్లో కాలికి మెత్తగా ఏదో తగిలితే పరుపనుకుని బరువంతా దాని మీద మోపాను. అది పరుపు కాదు. రేటు వచ్చేదాకా కరెంటు బాబాయ్ ఇంట్లో నిలవ పెట్టుకున్న ఎండుమిరపకాయల బస్తా. కుట్టు పిగిలింది. నేను నడుందాకా అందులోకి దిగిపోయాను. ఆ వాసన గురించి ఇక్కడ కోతలు కోయనక్కర్లేదు, మా ప్రాంతం వాళ్లకు తెలుసు. తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు.

ముక్కు రెండు వేళ్లతో నొక్కిపట్టి, ఏడుస్తూ, దేవుడి గూట్లోంచి సంచి లాగి, దొడ్డి తలుపు గడియ తీసుకుని, ఇంటి చుట్టూ తిరిగి వీధిలోకి పరిగెత్తాను. అత్తయ్య అప్పటికే మామయ్య చెప్పులు ఆయన కాళ్లకు తొడిగించి లేవదీసింది. సంచి ఆయన చేతికిచ్చాను. "పెట్టండి కాలు," అంది అత్తయ్య. మామయ్య కారులో కుడికాలు పెట్టాడు.

నేను తుమ్మాను.

ఊరంతా (ఇస్త్రీ బండి దాకా) ఊపిరి బిగబట్టింది. మామయ్య కాలు గాల్లోకి లేచింది. అంతలో రెండోది వచ్చింది. "జంట తుమ్ము!" అని అరిచింది అత్తయ్య. "జంట మంచిదే!" నిజమే, మా వైపు ఒంటి తుమ్ముకే దోషం, జంట తుమ్ము కార్యసిద్ధి. మామయ్య కాలు కిందికి దిగింది. మూడోది వచ్చింది. కాలు పైకి లేచింది. అక్కణ్నించి నాకు లెక్క తెలియదు. నేను తుమ్మడం, కాలు లేవడం, మళ్లీ తుమ్మడం, కాలు దిగడం. వీధి జనం వేలంపాటలోలాగా "సరి!" "బేసి!" "సరి!" అని పాట ఎత్తుకున్నారు. బాబాయ్ ఒక్కడే ప్రతి తుమ్ముకూ "కన్ఫర్మ్" అంటున్నాడు. గంప కింద ఉన్న పిల్లి మూడు వీధుల అవతల తుమ్మిందని తర్వాత విన్నాను, అది లెక్కలోకి తీసుకోలేదు.

ఉన్నట్టుండి ఆగిపోయాయి. ముక్కు ఎండిపోయిన బోరులాగా అయిపోయింది.

"బేసి," అన్నాడు ఇస్త్రీ అబ్బులు, చావు కబురు చెప్పినట్టు.

మామయ్య కాలు కారులోంచి బయటికొచ్చి నేల మీద నిలబడింది. అత్తయ్య నా దగ్గరకొచ్చి, నా చొక్కా జేబులో ఇరుక్కున్న ఎండుమిరపకాయ తీసి, తుంచి, నా ముక్కు కింద పెట్టింది. "ఒక్కటి," అంది గుసగుసగా. "ఒక్కటే తుమ్మరా నాయనా." కాశీ, ఊటీ, షిర్డీ, చప్పుడు మాత్రమే విన్న జలపాతం, అన్నీ ఆ మిరపకాయ ముక్క చివరన వేలాడుతున్నాయి. నేను గట్టిగా పీల్చాను. ఆకాశం వంక చూశాను. సూర్యుణ్ని చూస్తే తుమ్ము వస్తుందంటారు, అదీ చూశాను.

అప్పుడొచ్చింది. అది తుమ్ము కాదు, కొండల్లో క్వారీ పేలుడు. వీధి చివర కాకులు లేచిపోయాయి. పైన నేను తీసిన పెంకులు తమంతట తాము సర్దుకున్నాయి. ఆ అదురుకు మామయ్య కనుబొమ్మల మీది సున్నం పొడి రాలడం నేను కళ్లారా చూశాను.

మామయ్య నా వంక ఒక్క క్షణం చూశాడు. "సరి," అన్నాడు. కారెక్కి, నేను మళ్లీ తుమ్మినా వినపడకుండా అద్దం బిగించుకున్నాడు. అత్తయ్య పక్కన కూర్చుంది. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి చూడలేదుగానీ, కారు మలుపు తిరిగేదాకా ఆవిడ చెయ్యి కిటికీలోంచి బయటికి ఉండి ఊగుతూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం నేనూ బాబాయ్ సెల్‌ఫోన్‌ను గ్లోబు పక్కన పెట్టి దాని వంకే చూస్తూ కూర్చున్నాం. ఓడ కదిలితే ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలని ఒప్పందం. చాలా పెద్ద నంబరు నుంచి ఒక్కసారి మోగి ఆగిపోయింది. "కన్ఫర్మ్" అన్నాడు బాబాయ్. ఆయన ఆ మాట నిజంగా అనడం నేను విన్నది అప్పుడే. బల్ల సొరుగులోంచి తువ్వాలు తీసి, మొహం తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు. (మిరపకాయ ఘాటు ఇంకా నా చొక్కాకు ఉందని ఆయన వాదన.)

వచ్చాక అత్తయ్య ఒక్కతే ఆఫీసుకొచ్చింది, అదే కుర్చీలో కూర్చుంది. ఓడ వాళ్లు గదిలో పెట్టిన బుల్లి సబ్బులు నాలుగు నా చేతిలో పెట్టింది. సముద్రం ఎలా ఉందని అడిగితే, "చప్పుడు ఎత్తిపోతల లాగానే ఉంది. కాకపోతే చూశాను గూడా," అంది. మామయ్య మొదటి రాత్రి ఈశాన్యం ఎటు పోయిందో తెలియక గదిలో దిండు పట్టుకుని గుండ్రంగా తిరిగాడట. రెండో రోజు భోజనాల దగ్గర ఒక తెల్లదొర తుమ్మితే అలవాటుగా లేచి నిలబడ్డాడట. చుట్టూ చూస్తే నాలుగు దిక్కులా నీళ్లే. కాసేపు అలాగే నిలబడి, కూర్చుని, దొర తింటూ తుమ్మిన ఐస్‌క్రీమ్ లాంటిదే తనకూ తెమ్మన్నాడట.

ఇంతకీ పూర్తిగా కల్పించింది ఒక్కటే ఉందన్నాను గదా. ఆ చివరి తుమ్ము. ఇప్పుడు రాస్తూ కల్పించింది కాదు, అప్పుడే, ఆ వీధిలోనే కల్పించాను. ముక్కులో ఏమీ లేదు. మిరపకాయా పనిచేయలేదు, సూర్యుడూ పనిచేయలేదు. మిరపకాయ పట్టుకున్న ఆ చెయ్యి చూసి, రొమ్ము నిండా గాలి పీల్చి, నాకు తెలిసినంత గట్టిగా అరిచాను. జీవితంలో నేను కోసిన మొదటి పెద్ద కోత అదే. ఎవరూ పట్టుకోలేదనే చాలా గర్వంగా ఉన్నాను, అత్తయ్య లేచి వెళ్తూ మెట్ల కింద తల వంచేదాకా.

"తుమ్మేటప్పుడు ఎవరన్నా కళ్లు మూసుకుంటారు రా అబ్బాయ్," అంది. "నువ్వు మీ మామయ్య మొహంలోకి గుడ్లప్పగించి చూస్తా తుమ్మావు."

"మామయ్యకు చెప్పబాకు అత్తయ్యా," అన్నాను.

"నేను చెప్పేదేంది? ఆయనే చెప్పాడు నాకు, నడిసముద్రంలో. ఆ సన్నోడు దొంగతుమ్ము తుమ్మాడే అన్నాడు. మరి తెలిసీ ఎట్టా కారెక్కావయ్యా అంటే, నీళ్ల వంక చూస్తా కూర్చున్నాడు."

ఇప్పుడు మా ఆవిడ మంచం మీద పడుకుని బొటనవేలితో ఫోన్లో ఓడలు చూస్తుంటుంది. వరండా ఉన్న గది, లేని గది, విమానంతో కలిపి, అన్నీ ఒక్క నొక్కుతో అయిపోతాయట. తలుపు ఏ ముఖమో ఆ ఫోన్ అడగదు. ఈసారి పోదామండీ అంటుంది. చూద్దాం, వచ్చే ఏడు అంటాను. అన్నాక, మంచినీళ్ల గ్లాసు అప్పటికే నా చేతిలో ఉండటం చూసి నాకే నవ్వొస్తుంది. నడుం చుట్టుకొలత వల్ల ఇప్పుడు ఏ పెంకుల మధ్యనుంచీ నేను దిగలేను. పైగా ఎలర్జీ. పొద్దున లేచింది మొదలు తుమ్ములే. ఇప్పటివన్నీ నిజమైన తుమ్ములే. కళ్లు గట్టిగా మూసుకునే తుమ్ముతాను. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరినీ ఎక్కడికీ చేర్చలేదు.